బూందీకి చూపు లేదు, బాధా లేదు

కుందేలుకి తన ముక్కు ముందున్నది కనిపించదు. వెనక నుంచి వచ్చే పిల్లి కనిపిస్తుంది. నెత్తి మీద ఎగిరే గద్ద కనిపిస్తుంది. కానీ సరిగ్గా మూతి దగ్గర పెట్టిన కొత్తిమీర కట్ట కనిపించదు. దాన్ని వాసనతో, మీసాలతో, పెదాలతో వెతుక్కుని తింటుంది. కళ్లు బాగున్న కుందేలు సంగతే ఇది!

ఈ ఒక్క విషయం నాకు బోలెడు ధైర్యం ఇచ్చింది. ఎందుకంటే మా బూందీకి ఇప్పుడు 9 ఏళ్లు. కుడి కన్ను లేదు. ఎడమ కంటికి వెలుగూ నీడా తప్ప పెద్దగా ఏమీ తెలియట్లేదు. అయినా పొద్దున ఆరయ్యేసరికి నా మంచం దగ్గరికొచ్చి దుప్పటి లాగుతుంది. ఫ్రిజ్ తలుపు చప్పుడైతే హాల్లోంచి వంటింట్లోకి పరిగెడుతుంది. దారిలో ఎక్కడా దేనికీ గుద్దుకోదు.

"పాపం, గుడ్డిది కదా!" అంటారు ఇంటికొచ్చినవాళ్లు. ఆ 'పాపం' గురించే ఈ కబురు. చూపు పోవడం వేరు, కన్ను నొప్పి పెట్టడం వేరు. ఈ రెండిటికీ తేడా తెలియడానికి మా ఇంట్లో రెండేళ్లు పట్టింది.

ఎవరీ బూందీ?

తమ్ముడు ఇంటర్ సెకండియర్‌లో ఉన్నప్పుడు ఓ ఆదివారం చెప్పుల డబ్బాలో పెట్టుకుని తెచ్చాడు. అరచేతిలో పట్టేంత ఉంది. తెల్లటి ఒంటి మీద లేత గోధుమరంగు చుక్కలు. అందుకే బూందీ. "ఇదేందిరా, చెవులపిల్లిని తెచ్చినవ్? కోసుకోవడానికా?" అని అమ్మమ్మ అడిగితే వాడు రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

తర్వాత వాడు బీటెక్‌కి వెళ్లాడు, అట్నుంచి అటే బెంగళూరులో ఉద్యోగం. కుందేలు నాకు మిగిలింది. ఇప్పుడు మియాపూర్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. అమ్మ, నేను, బూందీ. ఏడాదిలో సగం రోజులు ఖమ్మం నుంచి వచ్చి అమ్మమ్మ కూడా.

ఇంట్లో జాగ్రత్తగా పెరిగే కుందేళ్లు 8 నుంచి 12 ఏళ్ల దాకా బతుకుతాయి. కొనేటప్పుడు ఈ మాట ఎవరూ చెప్పరు. ఐదారేళ్లు దాటితే అవి ముసలితనంలోకి వచ్చినట్టే. కీళ్లు, పళ్లు, కిడ్నీలు, కళ్లు... మన పెద్దవాళ్లకి వచ్చేవన్నీ వాటికీ వస్తాయి. ఒక్కటే తేడా. మన పెద్దవాళ్లు చెప్తారు, ఇవి చెప్పవు. అడవిలో నీరసంగా కనిపించిన కుందేలునే ముందు వేటాడతారు కాబట్టి నొప్పిని దాచుకోవడం వాటి రక్తంలో ఉంది.

నీళ్లు కంట్లో, సమస్య పంట్లో

బూందీకి ఏడో ఏడు నడుస్తుండగా ఎడమ కంటి కింద జుట్టు తడిగా ఉండటం మొదలైంది. తుడిస్తే మళ్లీ తడి. నాలుగు రోజులకి తెల్లటి పుసి. కళ్ల కలకేమో అనుకున్నాం. నగరంలో కుక్కల డాక్టర్లు వీధికొకరు ఉన్నారు కానీ, కుందేళ్లని బాగా చూసేవాళ్లని వెతుక్కోవాలి. ఓ స్నేహితురాలు చెబితే ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లా.

ఆవిడ కన్ను చూసి, వెంటనే నోరు తెరిచి చూశారు. "కంటికి చూపించమంటే పళ్లు చూస్తారేంటండీ?" అని అమ్మ అడిగేసింది కూడా. అప్పుడు ఆవిడ ఓ కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు.

మనకి కన్నీళ్లు ముక్కులోకి వెళ్లడానికి ఒక్కో కంటికి రెండు రంధ్రాలుంటాయి, పైరెప్ప దగ్గర ఒకటి, కిందరెప్ప దగ్గర ఒకటి. కుందేలుకి ఒక్కటే, కిందరెప్ప దగ్గర. అక్కణ్నుంచి ముక్కు దాకా సన్నటి గొట్టం వంకర్లు తిరుగుతూ వెళ్తుంది. ఆ వంకర్ల దగ్గరే పైపళ్ల వేళ్లు ఉంటాయి. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలినప్పుడల్లా అరుగుతుంటాయి కాబట్టి సరిపోతుంది. వయసు వల్లో, పుట్టుకతో వచ్చిన దవడ తీరు వల్లో, గడ్డి చాలకో ఆ లెక్క తప్పితే పళ్ల వేళ్లు లోపలికి పొడుగవుతాయి. గొట్టాన్ని నొక్కుతాయి. మన అపార్ట్‌మెంట్ డ్రైనేజీ పైపు మీద ఎవరో బండరాయి పెట్టినట్టన్నమాట. నీళ్లు వెనక్కి తన్ని కంట్లోంచి కారతాయి.

తల ఎక్స్‌రే తీస్తే అదే తేలింది. కంట్లో మొద్దుబారే చుక్కలు వేసి, ఆ రంధ్రంలోకి సన్నటి ప్లాస్టిక్ గొట్టం పెట్టి సెలైన్ ఎక్కించారు. మొదట ఏమీ కదల్లేదు. రెండోసారికి ముక్కులోంచి పెరుగు లాంటి తెల్లటి పదార్థం బయటికొచ్చింది. ఆ తర్వాత కంట్లో నారింజరంగు డై వేశారు. కాసేపటికి ఎడమ ముక్కు రంధ్రం దగ్గర పచ్చగా మెరిసింది. దారి తెరుచుకుందనడానికి అదే గుర్తు. కంటి మీద పుండు ఉందేమో కూడా ఆ డైతోనే తెలుస్తుంది. నీలం లైటు వేస్తే పుండు ఉన్నచోట పచ్చగా వెలుగుతుంది. బూందీకి పుండు లేదు.

అప్పట్నుంచి మూణ్నాలుగు నెలలకోసారి ఆ గొట్టం కడిగించడం మామూలైపోయింది. రోజూ రాత్రి గోరువెచ్చటి నీళ్లలో ముంచిన దూదితో కళ్లు తుడవడం నా డ్యూటీ. అలా రోజూ కళ్లు చూసే అలవాటే తర్వాత పనికొచ్చింది.

కుడి కంట్లో పువ్వు

సంక్రాంతికి ఇల్లు దులిపాం. సోఫా ఈ గోడ నుంచి ఆ గోడకి మారింది. ఆ సాయంత్రం బూందీ హాల్లో పరిగెత్తుతూ సోఫా కాలుకి కుడివైపు ధడేల్‌మని గుద్దుకుంది. కాసేపాగి మళ్లీ అదే. మర్నాడు బాల్కనీలో ఎండలో అమ్మమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని మొహం పైకెత్తి చూసింది. "దీని కంట్ల పువ్వేసిందే!" అంది. అప్పటికి ఏడాది కిందే ఆమెకి రెండో కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఆ చూపు ఏంటో ఆమెకి తెలుసు.

ముందురోజు రాత్రి ట్యూబ్‌లైట్ కింద నాకు కనబడనిది ఆ ఎండలో స్పష్టంగా కనబడింది. నల్లగా ఉండాల్సిన కంటిపాప మధ్యలో పాలచుక్క లాంటి తెలుపు.

కంటిపాప తెల్లబడితే మూడు సంగతులు ఉండొచ్చని డాక్టరమ్మ చెప్పారు. ఒకటి, వయసుతో లెన్స్ కొంచెం నీలంగా మసకబారడం. దాంతో చూపు పెద్దగా పోదు. రెండోది అసలైన శుక్లం. వెలుగు లోపలికి వెళ్లదు. మూడోది కాస్త చిక్కు. 'ఎన్సెఫలిటోజూన్ కునిక్యులై' అనే ఓ సూక్ష్మజీవి ఉంది. తల్లి కడుపులో ఉన్నప్పుడే పిల్ల కంటి లెన్స్‌లోకి చేరి, ఏళ్ల తరబడి గమ్మున కూర్చుంటుంది. ఎప్పుడో లెన్స్ సంచిని పగలగొడుతుంది. అప్పుడు కంట్లో వాపు, నల్లపాప పక్కన తెల్లటి గడ్డ. సాధారణంగా ఒక కంటికే, అదీ వయసులో ఉన్న కుందేళ్లకి ఎక్కువ. ఇదే జీవి మెదడుకి చేరితే మెడ ఓ పక్కకి వాలిపోతుంది, కిడ్నీలూ దెబ్బతింటాయి. రక్త పరీక్ష ఉంది కానీ, అది ఆ జీవి ఎప్పుడైనా ఒంట్లోకి వచ్చిందా అన్నది చెబుతుంది తప్ప ఇప్పుడు ఈ కంటి జబ్బుకి కారణం అదేనా అన్నది కచ్చితంగా చెప్పదు. మా కోడ్‌లో లాగ్ ఫైల్ లాంటిదే. ఎవరో లాగిన్ అయ్యారని ఉంటుంది, ఏం చేశారో ఉండదు!

బూందీ కంట్లో వాపు లేదు, గడ్డ లేదు. వయసు శుక్లమే అన్నారు.

చూపు ఎంతుందో చూడటానికి ఆవిడ చేసిన పరీక్ష మీరూ ఇంట్లో చేయొచ్చు. కంటి ముందు చెయ్యి ఊపడం కాదు. చెయ్యి ఊపితే గాలి మీసాలకి తగులుతుంది, చూపు లేకపోయినా ఉలిక్కిపడుతుంది. పైగా బాగా కనిపించే కుందేళ్లు కూడా చాలాసార్లు చేతిని పట్టించుకోవు. దూది ఉండ తీసుకుని, కాస్త దూరంగా, పక్కనుంచి, చప్పుడు లేకుండా వదలాలి. ఎడమవైపు వదిలితే బూందీ తల తిప్పింది. కుడివైపు వదిలితే తన లోకంలో తనుంది.

"ఆపరేషన్ చేయిస్తే చూపొస్తుందా?" అని అడిగా. మనుషులకి చేసినట్టే లెన్స్‌ని కరిగించి తీసే ఆపరేషన్ కుందేలుకీ ఉంది. కానీ వాటికి తీసేసిన లెన్స్ పదార్థం మళ్లీ పెరిగే గుణం ఉంది. ఈ వయసులో మత్తు ఇవ్వాలి. చేసేవాళ్లూ తక్కువ. "దానికి ఇంకో కన్ను ఉంది, మీసాలున్నాయి, చెవులున్నాయి. శుక్లం నొప్పి పెట్టదు. వదిలేయండి. కానీ కన్ను ఎర్రబడినా, మూసుకున్నా, పెద్దదైనట్టు కనిపించినా ఆ రోజే తీసుకురండి" అన్నారు.

ఆన్‌లైన్‌లో శుక్లాన్ని కరిగించే చుక్కలని ఏవేవో అమ్ముతుంటారు. శుక్లాన్ని కరిగిస్తుందని నిరూపణ అయిన చుక్కల మందు ఏదీ లేదని చెప్పి ఆవిడ నా ఫోన్ పక్కన పెట్టించారు. మా పక్కింటి ఆంటీ అయితే కిలో క్యారెట్ తెచ్చిచ్చారు, "కళ్లకి మంచిది కదమ్మా, కుందేలుకి ఇష్టం కూడానూ!" అని. క్యారెట్‌లో తీపి ఎక్కువ. కుందేలుకి అది మనకి జిలేబీ లాంటిది, ఎప్పుడైనా ఓ ముక్క. రోజంతా తినాల్సింది ఎండుగడ్డే. ఆ క్యారెట్లతో అమ్మ హల్వా చేసి సగం ఆంటీకే పంపింది.

ప్రశ్న మారిపోయింది

ఉగాది వెళ్లిన వారానికి ఓ రోజు పొద్దున బూందీ దుప్పటి లాగడానికి రాలేదు. వెళ్లి చూస్తే బల్ల కింద ముడుచుకుని కూర్చుంది. కుడి కన్ను సగం మూసుంది. నల్లగుడ్డు మీద నీలంగా పొర, చుట్టూ ఎరుపు. మెల్లగా పళ్లు కొరుకుతున్న చప్పుడు. కుందేలుని నిమిరితే హాయిగా పళ్లు టకటకలాడిస్తుంది, అది వేరు. ఇది గట్టిగా, ఆగి ఆగి వచ్చే చప్పుడు. రాత్రి పెట్టిన కొత్తిమీర అలాగే ఉంది.

కుందేలు నొప్పిని మొహం చూసి లెక్కగట్టే పద్ధతి ఒకటి ఉంది. 2012లో వచ్చింది. కళ్లు ఎంత మూసుకున్నాయి, బుగ్గలు ఎంత లోపలికి పోయాయి, ముక్కు ఆకారం, మీసాలు, చెవులు ఎలా ఉన్నాయి అని ఐదు అంశాలు. ఒక్కోదానికి 0, 1, లేదా 2 మార్కులు. ఆ రోజు బూందీకి మార్కులు ఎక్కువే వచ్చాయి. స్టాండప్ కాల్‌లో "ఇంట్లో ఎమర్జెన్సీ" అని మెసేజ్ పెట్టేసి బయల్దేరా.

పెన్ను లాంటి పరికరంతో కంటి ప్రెషర్ కొలిచారు. ఎడమ కన్ను మామూలుగానే ఉంది. కుడిది దానికి రెండింతలు దాటింది. ముదిరిన శుక్లం నుంచి కంట్లో వాపు, వాపు నుంచి ప్రెషర్. నీటికాసులు అంటాం కదా, అదే. కుందేలుకీ వస్తుంది. న్యూజీలాండ్ వైట్ జాతి కుందేళ్లలో అయితే వంశపారంపర్యంగానే ఉంటుంది.

వాపుకీ నొప్పికీ మందు, ప్రెషర్‌కి చుక్కలు రాశారు. ఈ చుక్కల విషయంలో ఓ మాట. ఇంట్లో మనకి రాసిన కంటి చుక్కలు ఉన్నాయి కదా అని కుందేలుకి వేయకండి. స్టెరాయిడ్ ఉన్నవి వాటికి చాలా ప్రమాదం. ఒంట్లో అణిగి ఉన్న ఇన్ఫెక్షన్లు లేచి కూర్చుంటాయి, కంటి మీద పుండు ఉంటే మానదు. కంటిపాప పెద్దది చేయడానికి మనకి వేసే అట్రోపిన్ చాలా కుందేళ్ల మీద సరిగా పనిచేయదు, వాటి ఒంట్లోనే దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ ఉంది. నోటితో ఇచ్చే అమాక్సిసిలిన్ లాంటి యాంటీబయాటిక్ అయితే పొట్టలోని మంచి బ్యాక్టీరియాని చంపి ప్రాణం మీదికి తెస్తుంది. కుందేలంటే చిన్న కుక్క కాదు. దాని మందుల లెక్కే వేరు.

ఎనిమిది గంటలకోసారి చుక్కలు. రాత్రి పదకొండుకి అలారం పెట్టుకుని కూర్చున్నప్పుడు ఫోన్లో కుందేలు కళ్ల గురించి చదివేదాన్ని. ఒక విషయం దగ్గర ఆగిపోయా. మనుషులకి కుందేలు కన్ను గురించి చాలా తెలుసు. కానీ అదంతా వాటి కోసం నేర్చుకున్నది కాదు. 1944 నుంచి డ్రెయిజ్ పరీక్ష అని ఒకటి ఉండేది. షాంపూ, కాటుక లాంటివి మన కంటికి హాని చేస్తాయా అని తేల్చడానికి వాటిని కుందేళ్ల కళ్లలో వేసి రోజుల తరబడి చూసేవాళ్లు. కుందేలే ఎందుకంటే చవక, సాధువు, కళ్లు పెద్దవి, అరవదు. మన దేశం 2014లో కాస్మెటిక్స్ కోసం జంతువుల మీద పరీక్షలు నిషేధించింది. ఆ రాత్రి బూందీ కంట్లో చుక్క వేస్తుంటే అది కదలకుండా కూర్చుంది. ఎందుకు కదలదో అప్పుడు అర్థమై మనసు అదోలా అయింది.

రెండు వారాలైంది. ప్రెషర్ కొంచెం దిగింది, మళ్లీ ఎక్కింది. బరువు 150 గ్రాములు తగ్గింది. రెండు కిలోలు లేని ప్రాణికి అది చాలా ఎక్కువ.

తీసేద్దామా?

"కుడి కన్ను తీసేద్దాం" అన్నారు డాక్టరమ్మ.

నా నోట మాట రాలేదు. ఆవిడే మళ్లీ చెప్పారు. "ఆ కంటికి చూపు ఎప్పుడో పోయింది. ఇప్పుడది నొప్పి పుట్టించే ఓ ముద్ద, అంతే. మీరు కన్ను తీయించట్లేదు, నొప్పి తీయిస్తున్నారు."

ఇంటికొచ్చి మత్తు గురించి లెక్కలు చూశా. 2008లో బ్రిటన్‌లో వచ్చిన ఓ పెద్ద అధ్యయనం ఉంది. మత్తు వల్ల, దాని తర్వాతి రెండు రోజుల్లో చనిపోయేవి కుక్కల్లో 0.17 శాతం, పిల్లుల్లో 0.24 శాతం, కుందేళ్లలో 1.39 శాతం. అప్పటికే జబ్బుతో ఉన్న కుందేళ్లలో అయితే 7 శాతం పైనే. పైగా కుందేలు కంటి వెనక రక్తనాళాల వల ఉంటుంది. తీసేటప్పుడు అది తెగితే రక్తం ఆగడం కష్టం. ఆఫీసులో 7 శాతం ఫెయిల్యూర్ రేటుతో ఎవరైనా రిలీజ్ చేస్తానంటే నేనే ఒప్పుకోను.

మామయ్య ఫోన్ చేశాడు. "తొమ్మిదో ఏడు వచ్చింది కదే. చాలదా? ఆ డబ్బుతో నాలుగు కుందేళ్లు కొనుక్కోవచ్చు." ఖర్చు నా నెల అద్దెకి కాస్త తక్కువ. మామయ్య చెడ్డవాడు కాదు. కోళ్లూ మేకలూ పెంచిన ఇంట్లో పుట్టినవాడు, ఆయన లెక్క ఆయనది. తమ్ముడు వీడియో కాల్‌లో చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "అక్కా, ఆపరేషన్‌లో పోతే?" అన్నాడు చివరికి. నొప్పి లేకుండా శాశ్వతంగా నిద్రపుచ్చే ఇంజెక్షన్ గురించీ మాట్లాడుకున్నాం. అదీ ఓ దారే. అన్ని దారులూ మూసుకున్నప్పుడు అది దయే అవుతుంది.

అమ్మ ఇదంతా వింటూ పప్పు రుబ్బుతోంది. గ్రైండర్ ఆపి అడిగింది. "కన్ను తీసేస్తే దానికి నొప్పి ఉంటుందా, ఉండదా? అది ఒక్కటి చెప్పు."

"గాయం మానాక ఉండదమ్మా."

"తీయకపోతే?"

"రోజూ ఉంటుంది."

"మరి ఇంక ఆలోచన ఏముంది?" అని గ్రైండర్ ఆన్ చేసింది.

ఆపరేషన్ రోజు

మనకైతే ఆపరేషన్ ముందురోజు రాత్రి నుంచే ఏమీ తినొద్దంటారు. కుందేలుకి అలా కాదు. అది వాంతి చేసుకోలేదు కాబట్టి ఆ భయం లేదు. పైగా పొట్ట ఖాళీగా ఉంటే పేగుల కదలిక ఆగిపోతుంది, అదే అసలు ప్రమాదం. అందుకని పొద్దున క్యారియర్‌లో గడ్డి వేసి మరీ పంపమన్నారు. మత్తుకి ముందు నోట్లో ఏమైనా మిగిలి ఉంటే వాళ్లే తుడుస్తారు.

గంటన్నర పట్టింది. బయట బెంచీ మీద అమ్మ, నేను. అమ్మ సంచిలో కొత్తిమీర, పుదీనా, మెంతికూర. "లేవగానే ఏది అడుగుతుందో ఏమో" అని మూడూ తెచ్చింది. లోపలికి పిలిచేసరికి బూందీ వేడినీళ్ల సీసాల మధ్య టవల్‌లో పడుకుని ఉంది. కుడివైపు గొరిగిన చర్మం, కన్ను ఉన్నచోట అడ్డంగా కుట్ల గీత. చూడలేననుకున్నా. కానీ నేను ముందు చూసింది ముక్కు. అది కదులుతోంది, మామూలు వేగంతో.

ఆ రాత్రి ఎనిమిదికి పుదీనా ఆకు ఒకటి తింది. పదింటికి గడ్డి. రాత్రంతా దాని ట్రే దగ్గర టార్చి వేసి చూస్తూ కూర్చున్నా, మలం గుండ్రటి గోళీలు పడుతున్నాయా అని. మూడింటికి పడ్డాయి. అమ్మని లేపి మరీ చెప్పా. "శుభం" అని అటు తిరిగి పడుకుంది.

ఐదో రోజు పొద్దున ఆరింటికి నా దుప్పటి కదిలింది. రెండు వారాల తర్వాత మొదటిసారి! అప్పుడు తెలిసింది, అన్నాళ్లూ అది ఎంత ఓర్చుకుందో.

మ్యాప్ మార్చకూడదు

ఆ తర్వాత ఏడాదికి ఎడమ కంట్లోనూ తెలుపు మొదలైంది. ఇది నెమ్మదిగా వస్తోంది. ప్రెషర్ మామూలుగానే ఉంది. మూణ్నెల్లకోసారి కొలిపిస్తున్నాం. ఈసారి ఇంట్లో ఎవరూ కంగారు పడలేదు. మేం చేస్తున్నవి ఇవి. మీ ఇంట్లో చూపు తగ్గిన కుందేలు ఉంటే పనికొస్తాయి.

సామాన్లు కదపం. సోఫా, ట్రే, నీళ్ల గిన్నె, గడ్డి బుట్ట ఎక్కడివక్కడే. బూందీ బుర్రలో ఇంటి మ్యాప్ ఉంది. అడుగులు లెక్కపెట్టినట్టు నడుస్తుంది. కొత్త వస్తువు పెట్టక తప్పకపోతే దాన్ని మెల్లగా అక్కడికి తీసుకెళ్లి వాసన చూపిస్తాం.

నేల మీద గుర్తులు పెట్టాం. గడ్డి దగ్గర గోనెపట్టా, నీళ్ల దగ్గర రబ్బరు మ్యాట్, మధ్యలో కార్పెట్ దారి. కాళ్ల కింద మారే స్పర్శే దానికి సైన్‌బోర్డు. నున్నటి టైల్స్ మీద ముసలి కుందేలు జారుతుంది కూడా.

ముట్టుకునే ముందు పేరు పిలుస్తాం. చూపు లేని ప్రాణిని హఠాత్తుగా పట్టుకుంటే గద్ద పట్టిందనుకుంటుంది. ఆ కంగారులో తన్నుకుంటే దాని నడుమే విరగొచ్చు. ఎత్తుకోవడం దాదాపు మానేశాం. మేమే కింద కూర్చుంటాం.

బాల్కనీ తలుపుకి, మంచం ఎత్తుకి అడ్డం పెట్టాం. గడ్డి దులిపి వేస్తాం, ఆ దుమ్ము కంటికి చెడ్డది. ట్రే రోజూ మారుస్తాం. మూత్రంలోంచి వచ్చే అమోనియా ఘాటు కూడా కళ్లని మండిస్తుంది.

ఇక కళ్లు బాగున్న కుందేలు ఉన్నవాళ్లకి. వారానికోసారి పగటి వెలుగులో రెండు కళ్లూ పక్కపక్కన పోల్చి చూడండి. ఒకటి పెద్దగా ఉందా? కంటి కింద తడి ఉందా, ముందుకాళ్ల లోపలివైపు జుట్టు అట్టకట్టిందా? అది కాళ్లతో మొహం తుడుచుకుంటుంది కాబట్టి పుసి అక్కడ దొరుకుతుంది. కన్ను సగం మూసి ఉన్నా, కన్ను ముందుకి పొడుచుకొచ్చినా, పన్నెండు గంటలు ఏమీ తినకపోయినా రేపటిదాకా ఆగొద్దు.

ఇద్దరు ముసలివాళ్లు

ఈ వేసవిలో అమ్మమ్మ వచ్చింది. ఆమెకి 78. చెవులు సరిగా వినిపించవు. మధ్యాహ్నాలు హాల్లో చాప వేసుకుని పడుకుంటుంది. బూందీ కార్పెట్ దారమ్మట వచ్చి, చాప అంచు తగలగానే ఆగి, వాసన చూసి, ఆమె అరచేతి పక్కన పడుకుంటుంది. ఒకరికి వినపడదు, ఒకరికి కనపడదు. ఇద్దరికీ కరెంటు పోతే కోపం. కూలర్ ఆగుతుంది కదా!

ఓ రోజు అమ్మమ్మని అడిగా, "కోసుకోవడానికా అన్నావ్ కదా అప్పట్లో?"

"అన్న. అప్పుడది నాకేమయితది?" అంది. మెల్లగా దాని చెవుల మధ్య నిమురుతూ, "నాకు కండ్లు కనపడనప్పుడు మీ అమ్మ రోజూ అన్నం గిన్నె ఒక్కతాన్నే పెట్టేది. అంతకన్నా ఏం గావాలె?" అంది.

మొన్న ప్రెషర్ చూపించాం. మామూలుగానే ఉంది. ఎడమ కన్ను పూర్తిగా పోవడానికి ఇంకో ఆరు నెలలు పట్టొచ్చు, ముందే కావచ్చు అన్నారు. రాసుకొచ్చి ఫ్రిజ్ మీద అంటించాం. తర్వాత అపాయింట్‌మెంట్ తేదీ, కిందనే అమ్మ చేతిరాతతో ఇంకో లైను: సోఫా జరపొద్దు.